తీశాను, వేశాను

డిటెక్టివ్ కుర్చీ చూపించినా ఆ తల్లి కూర్చోలేదు.

"మా అమ్మాయికి తొమ్మిదేళ్ళండి. ఆటిజం ఉంది. అబద్ధం ఆడటం దానికి రాదనే అనుకున్నాను. ఇప్పుడేమో నాకేం పాలుపోవడం లేదు."

నిన్న స్కూల్లో సైన్సు గదిలోని మైక్రోస్కోపు మాయమైంది. ఆ వేళప్పుడు గది దగ్గర కనిపించింది ఈ పిల్ల ఒక్కతే. "తీసింది నువ్వేనా?" అని హెడ్‌మిస్ట్రెస్ అడిగితే, "నేనే తీశాను, నేనే వేశాను" అంది. ఎక్కడ వేశావంటే చెవులు మూసుకుంది. చెత్తడబ్బాలూ కాలవలూ గాలించినా వస్తువు దొరకలేదు. సాయంత్రంలోగా నిజం చెప్పకపోతే పిల్లని స్కూల్లోంచి తీసేస్తామన్నారు.

"మీరేమనుకుంటున్నారు?" అంది డిటెక్టివ్.

"పడేశానని దాని నోటితో అదే చెప్పిందండి. ఇంకేమనుకోను?" అంది తల్లి.

డిటెక్టివ్ అసిస్టెంటుకి జాలేసింది. జాలేస్తే అతని బుర్ర పనిచేయదు. ఒప్పేసుకున్నాక ఇక కేసేముందో అర్థంకాక, మేడంకి ఏదో తట్టే ఉంటుందన్న ధీమాతో ఆవిడ వెంట స్కూలుకి నడిచాడు.

సైన్సు గది తాళం చెక్కుచెదరలేదు. "నిన్న నేనా గది ఛాయలకే పోలేదండి. అయినా ఇలాంటి పిల్లలతో ఏం వాదిస్తాం?" అన్నాడు సైన్సు మాస్టారు.

డిటెక్టివ్ తలుపు మూయించి, ఇంకో మైక్రోస్కోపుని బయటికి తెమ్మని అసిస్టెంటుకి చెప్పింది. అతను రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"మేడం, కాస్త తలుపు తీసి పెట్టండి."

ఆవిడ నవ్వి, అందరినీ ఆఫీసు గదికి రమ్మంది. పిల్ల ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది.

"ఏం తీశావమ్మా?"

"తలుపు."

"ఏం వేశావు?"

"తలుపే."

"ఎవరు తీయమన్నారు?"

"సైన్సు మాస్టారు. ఆయన చేతుల్లో మైక్రోస్కోపు ఉంది."

హెడ్‌మిస్ట్రెస్ తెల్లబోయింది. "ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"ఆటిజం ఉన్న పిల్లలు అబద్ధమే ఆడరని కాదు," అంది డిటెక్టివ్. "ఈ పిల్ల మాత్రం ఆడలేదు. మీ మనసులో ఉన్నది మైక్రోస్కోపు, తన మనసులో ఉన్నది తలుపు. ఏం తీశావని మీరెవరూ అడగలేదు. తలుపు మూయడాన్ని తను వేయడం అంటే, మీరు పారేయడం అనుకున్నారు. ఒక్కసారి రెండు చేతులా బరువు మోసి చూస్తే, తలుపు తీసేవాళ్ళు ఇంకొకరు కావాలని తెలిసేది. అబద్ధం ఆడింది మాస్టారు."

మాస్టారు తల దించుకున్నాడు. "నా చెయ్యి జారి అద్దం పగిలిందండి. ఎవరికీ తెలియకుండా బాగుచేయిద్దామని ఇంటికి పట్టుకెళ్ళాను. పిల్ల ఒప్పుకుందన్నారు... నోరు మూసుకున్నాను."

అసిస్టెంటుకి ఒళ్ళు మండింది.

తల్లి కూతురి ముందు కూలబడింది. "నిన్ను నమ్మలేదే తల్లీ. అమ్మ మీద కోపంగా ఉందా?"

లేదని చెప్పమన్నట్టు అందరూ పిల్లవైపే చూశారు. పిల్ల కాసేపు ఆలోచించింది.

"ఉంది. రేపు కూడా ఉంటుంది. ఎల్లుండి సంగతి ఎల్లుండి చెప్తాను."