నెమ్మది పాటలు

ఆ ఉదయం డాన్సు టీచరు తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని హాల్లో కంప్యూటర్ తెరిచింది. తన పాటల ఫోల్డరు లేదు. ఆ చోట 'మన ఇల్లు' అని కొత్తదొకటి తిష్ఠ వేసుకుని ఉంది.

మరిది హోరు పాటలు, మామగారి పాత పాటలు, తనవి, అన్నీ అందులో కలగాపులగంగా ఉన్నాయి. తన దగ్గర డాన్సు నేర్చుకునే పిల్లల కోసం నెల్లాళ్లు కూర్చుని వేగం తగ్గించుకున్నవి మాత్రం ఒక్కటీ లేవు. ఫోన్లో చూసింది. ఇంటిల్లిపాదికీ ఖాతా ఒకటే కావడంతో అక్కడా ఊడ్చిపెట్టుకుపోయాయి. సాయంత్రమే పిల్లల ప్రదర్శన. అసలు వేగానికి వాళ్ల కాళ్లు అందవు.

మరిది కాఫీ కప్పుతో వచ్చాడు. ముగ్గురి పాటల లైబ్రరీలూ ఒకటి చేశాడట, డూప్లికేట్లు ఏరి పారేశాడట, కంప్యూటర్ ఊపిరి పీల్చుకుందట. ఇల్లంతా కడిగి ముగ్గేసినంత గర్వంగా చెప్పాడు.

"ఒకే పాట ఆరేసి సార్లు దాచుకుంటారా వదినా? పైగా అన్నీ నత్తనడకే."

"పేరు ఒకటే. పాట ఒకటి కాదు. తీసే ముందు ఒక్కటైనా విన్నావా?"

పేర్లు చూసి డూప్లికేట్లు ఏరే ప్రోగ్రామే తీసేసిందని, కంప్యూటర్లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేశానని అతను నసిగాడు. కావాలంటే మళ్లీ చేసుకోవచ్చుగా అని కూడా అన్నాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"నీ గేము జోలికి ఎవరైనా వెళితే ఇల్లు పీకి పందిరేస్తావు. ఇది నా పని. నీ కంటికి చెత్తలా కనబడిందా? అడగడానికి నోరు రాలేదా?"

మరిది తల దించుకున్నాడు. అంతలో మామగారు గుమ్మంలోకి వచ్చారు. ఆ పాటలకి ఆవలింతలొస్తున్నాయని రోజూ సణిగే మనిషి. ఈయనొకరు తక్కువయ్యారు అనుకుంది ఆమె.

ఆయన కుర్చీ పట్టుకుని నిలబడి, చొక్కా జేబులోంచి పాత పాటల ప్లేయరు తీశారు. ఏ ఖాతాకీ కలవని, వైరు పెట్టి ఎక్కించుకునే బుల్లి పెట్టె.

"మోకాలి ఆపరేషన్ అయ్యాక మామూలు పాటకి నా అడుగు పడలేదమ్మా. నీవన్నీ ఇందులోకి ఎక్కించుకున్నా. మొదట బాగా నెమ్మదిది, కాలు కుదిరాక దాని పైది. నేను నడక నేర్చుకుంది వీటితోనే. చెబితే నవ్వుతావని సణిగాను."

ఆమె ప్లేయరు చెవి దగ్గర పెట్టుకుంది. తన పాటే, పసిపిల్లల అడుగంత నెమ్మదిగా. అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న కన్నీళ్లు జారిపోయాయి.

మరిది కప్పు పక్కన పెట్టి, వైరు వెతికి తెచ్చాడు. మౌస్ మీద చెయ్యి వేయబోయి ఆగాడు.

"ఎక్కడ పెట్టమంటావు వదినా?"