కుడి పక్క స్పీకర్

శనివారం పొద్దున స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చిన ఓబులేసుకు తన పంచెలున్న గదికి తాళం వేసి కనిపించింది. కొత్త తాళం. నిన్నటిదాకా ఆ తలుపుకు గడియ తప్ప ఇంకేమీ లేదు.

"శ్రావణీ, ఈ తాళమేందమ్మా?"

వంటింట్లో దోసె పోస్తున్న కోడలు తల తిప్పలేదు. "నీ కొడుకునే అడుగు మామా. నన్నడిగితే నోటికి ఏదొస్తే అదే అంటా."

మణికొండలోని ఆ మూడు గదుల ఫ్లాట్‌లో ఒక గది మనుషులది కాదు, శివశంకర్ పాటలది. నిలువెత్తు స్పీకర్లు రెండు, గోడల నిండా స్పాంజి పలకలు, నడుమ బల్ల మీద పది రోజుల కిందట వచ్చిన డిజిటల్ ప్లేయర్. నిరుడు కొన్నది బంగారంలా పాడుతుంటే దాన్ని తీసేసి ఇంకా ఖరీదైనది తెచ్చుకున్నాడు మహానుభావుడు. ఇంట్లో వేరే చోటు లేక ఓబులేసు బట్టల బీరువా కూడా ఆ గదిలోనే ఓ మూల ఉంది.

శివశంకర్ వినడానికి కూర్చున్నాడంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. ఫ్యాన్లు ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి, పచ్చడి రుబ్బుకునే యోగం ఉండదు. పాడే మనిషి గొంతు రెండు స్పీకర్ల నడిమధ్య నిలబడిందా లేదా అని కళ్లు మూసుకుని తేల్చుకుంటాడు. గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా ఇలాంటివాళ్లు నలభై మందికి ఒక వాట్సాప్ గ్రూపు. కొత్త ప్లేయర్ రెండు వందల గంటలు పాడితే గానీ విచ్చుకోదని వాళ్లు చెప్పారట. అందుకని అతను ఆఫీసులో ఉన్నా అది పాడుతూనే ఉండేది. ఆ పాటంతా విన్నది ఇంట్లో ఉన్న ఓబులేసు ఒక్కడే.

అయినా అది విచ్చుకోలేదు. వచ్చిన మర్నాటి నుంచే కుడి పక్క శబ్దం మొద్దుబారిందని గోల. కేబుల్ మార్చాడు. సాఫ్ట్‌వేర్ మార్చాడు. కుడి స్పీకర్‌ను అంగుళం ముందుకు జరిపాడు, మళ్లీ వెనక్కి జరిపాడు. అన్నీ అయ్యాక మిగిలింది కన్నతండ్రి.

"తాళం నేనే వేసినా నాన్నా," అన్నాడు శివశంకర్ హాల్లోకి వస్తూ. "కొన్నాళ్లు ఆ గదిలోకి ఎవరూ పోకుంటే మంచిది."

"నా పంచెలు లోపలుండాయి కదరా."

"అడిగితే తీసిస్తాలే."

"అడుక్కోవాల్నా? నా పంచె నేను అడుక్కోవాల్నా?"

"ప్లేయర్ వచ్చిన రోజు నువ్వు లోపలికి పోయి అన్నీ తుడిచినావా, లేదా?"

"తుడిచినా. దుమ్ముంటే తుడిచినా. తప్పా?"

"స్పీకర్ జాలీ వెనకాల సన్న శబ్దాలిచ్చే ముక్క ఉంటాది నాన్నా. గట్టిగా నొక్కింటావు. నీకు తెలీకుండానే పాడు చేసింటావు."

ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి. "నలభై ఏండ్లు మైక్ సెట్ నడిపినోన్నిరా నేను. జమ్మలమడుగు చుట్టుపక్కల నా హారన్ కట్టని పెండ్లి లేదు. స్పీకర్ ఎట్ల తుడవాల్నో నాకు చెప్తావా?"

"అదే కదా నేననేది! హారన్ల కింద బతికిన చెవులు నీవి. దీని సంగతి నీకేం తెలుస్తాది? పాతదానికీ దీనికీ తేడానే లేదన్నోడివి నువ్వు!"

వంటింట్లో దోసె మాడింది. శ్రావణి అట్లకాడ చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "శంకర్! నోరు అదుపులో పెట్టుకో. ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

ఆ హారన్లు మోసి నిన్ను ఇంజనీరింగ్ చదివించానురా అనబోయి ఓబులేసు మింగేశాడు. అది చెప్పుకోవాల్సిన మాట కాదు, కొడుక్కే గుర్తుండాల్సిన మాట. డెబ్బై ఏళ్లు వచ్చాక తన చేతి మీద, తన చెవి మీద ఒకేసారి నింద పడింది.

"మధ్యాహ్నం బస్సుకు కడపకు పోతాండా, నా కూతురి దగ్గరికి. మాట పడి ఈ ఇంట్లో అన్నం తినను. పొయ్యే ముందు ఒక పని ఉంది. తాళం తియ్."

"ఎందుకు?"

"చెడింది చెడిందంటివే, యాడ చెడిందో చూపించి పోతా. తియ్‌రా!"

రెండు హారన్లలో ఒకటి సరిగా పలకకపోతే మైక్ సెట్ వాళ్లు ముందుగా హారన్‌ను తిట్టరు. రెండు వైర్లనూ అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూస్తారు. లోపం రెండో హారన్‌కు మారితే తప్పు పాట పంపే పెట్టెదో వైరుదో. మారకపోతే హారన్‌దే. తాళం తీయించి, ఓబులేసు ఆ తువ్వాలుతోనే ప్లేయర్ వెనక్కి వంగి వైర్లు మార్చాడు. శివశంకర్ విసుగ్గా తన కుర్చీలో కూర్చుని ఒక త్యాగరాజ కీర్తన పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు, ఏ పక్క?"

"కుడి పక్కే! చూసినావా? ప్లేయర్‌ది కాదు, వైరుది కాదు. స్పీకరే పోయింది. నువ్వు నొక్కిందే!"

శ్రావణి ముఖం వాడిపోయింది. ఓబులేసు కుడి స్పీకర్ దగ్గరికి పోయి చెవి ఆనించాడు. తర్వాత ఎడమదానికి ఆనించాడు. రెండూ ఒకేలా పాడుతున్నాయి. తన చెవి తనకు అబద్ధం చెప్పదు.

"కుర్చీ తిప్పు."

"ఏంది?"

"స్పీకర్లకు వీపు పెట్టి కూర్చో. కండ్లు మూసుకో. మొద్దుగా ఉండే పక్క చెయ్యెత్తు."

"ఇదేం పిచ్చి నాన్నా?"

"ఎత్తమంటాండా!"

శివశంకర్ విసురుగా కుర్చీ తిప్పి కళ్లు మూసుకున్నాడు. కాసేపు విని చెయ్యెత్తాడు. కుడి చెయ్యి.

ఇప్పుడు ఆ చేతి పక్కనున్నది ఎడమ స్పీకర్.

గెలిచానురా అని అరవడానికి ఓబులేసు నోరు తెరిచాడు. అంతలోనే తట్టింది. తప్పు ప్లేయర్‌ది కాదు. వైరుది కాదు. స్పీకర్‌ది కాదు. కొడుకు ఎటు తిరిగితే లోపం అటు తిరుగుతోంది. పొద్దుట్నుంచీ మండుతున్న కోపం ఒక్కసారిగా చల్లారింది.

"శంకరా," అన్నాడు. "కండ్లు తెరువు నాయనా."

శివశంకర్ తన చేతినీ, దాని పక్కనున్న స్పీకర్‌నూ చూశాడు. శ్రావణి పాట ఆపేసింది. "నువ్వు వారం రోజులుగా ఫోన్ ఎడమ చెవికే పెట్టుకుంటున్నావు," అంది మెల్లగా. "నేను చూస్తూనే ఉన్నా. అలవాటు మారిందేమో అనుకున్నా."

"లేదు. నాకేం కాలేదు." అతను ఫోన్‌లో పాట పెట్టి కుడి చెవికి ఆనించుకున్నాడు. ఎడమ చెవికి మార్చాడు. మళ్లీ కుడికి పెట్టుకున్నాడు.

గంటలో ముగ్గురూ గచ్చిబౌలిలో చెవి డాక్టరు దగ్గర ఉన్నారు. శివశంకర్‌ను అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినిపిస్తే బటన్ నొక్కాలట. ఎడమ చెవి వంతులో వేలు చకచకా కదిలింది. కుడి చెవి వంతులో ఎంతకీ కదలదు. నొక్కురా, నొక్కురా అని ఓబులేసు అద్దం బయట గొణుగుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ కాగితం చూసి కళ్లద్దాలు తీసింది. "ఒక్కసారిగా వచ్చిన వినికిడి లోపం ఇది. కారణం చాలాసార్లు తెలియదు. రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది, గ్యారంటీ లేదు. తొమ్మిది రోజులు ఏం చేశారు?"

"కేబుల్ మార్చానండి," అన్నాడు శివశంకర్ తల దించుకుని.

"చెవిని తప్ప అన్నిటినీ అనుమానించారన్నమాట!" డాక్టరమ్మకు కూడా కోపమొచ్చింది. "మందు ఇవాళే మొదలుపెడదాం. బయట కూర్చోండి."

శ్రావణి మందుల చీటీ పట్టుకుని కిందికి పోయింది. బయట బల్ల మీద తండ్రీకొడుకులిద్దరే మిగిలారు. శివశంకర్ చేతులు ఒడిలో పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"నువ్వు ఆ కుర్చీ తిప్పమనకుంటే, ఈ వారం కూడా నిన్నే తిడుతూ ఉండేవాడిని నాన్నా," అన్నాడు. "నీ చెవుల్ని అనరాని మాటన్నా."

"అన్నావు."

"ఇంక కడపకు పోతావా?"

కొడుక్కి కుడి పక్క కూర్చున్న ఓబులేసు లేచి, ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"చూడు శంకరా. నువ్వన్న మాట నేను మరిచిపోయేది కాదు. నిన్ను తిట్టాల్సింది ఇంకా చానా ఉండాది. ఇప్పుడు తిడితే సగమే చేరుతాది నీకు. నా తిట్లు నువ్వు రెండు చెవులా వినాల. అందాక నేను యాడికీ పోను."

శివశంకర్ తండ్రి భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఓబులేసు ఊరుకోమనలేదు.