కరెంటు పోయాక విన్న పాట

"ఆ పాట ఆపకే తల్లీ! తల ఆరేలోపు భుజాలైనా ఊపుకోనీ," అని పార్లర్లో డ్రయ్యర్ కింద నుంచి అరిచింది పెద్దావిడ దోన్యా టోమసీనా.

"మీరు ఊపితే నేను పెట్టిన రోలర్లన్నీ ఊడొస్తాయి," అంటూ యులైసి రేడియో స్టేషన్ మార్చింది. అక్కడా అదే పాట. డియోమెడెస్ పాట.

విడుదలై నెల తిరక్కముందే సాంతో దొమింగో ఊరంతా దానికే ఎగురుతోంది. బస్సుల్లో అదే, కిరాణా కొట్ల ముందు బీరు తాగేవాళ్ల దగ్గర అదే. "తలుపు తియ్యి, తియ్యి!" అని మాటలు సరిగ్గా రాని పిల్లలు కూడా అరుస్తున్నారు.

యులైసి, డియోమెడెస్ ప్రేమించుకున్నవాళ్లే. ఆమె తల్లి పోయినప్పుడు, ఇంట్లో తొమ్మిది రోజులు చేసే ప్రార్థనల్లో చివరి రోజున, అతను స్టూడియోలో రికార్డింగ్ ఉందన్నాడు, కనిపించలేదు. ఆ రోజుతో మాటలు తెగిపోయాయి. పాట వచ్చిన రోజు మాత్రం ఫోన్ చేశాడు.

"విన్నావా?"

"విన్నా. డప్పు బ్రహ్మాండం. మేం ఏడుస్తుంటే నువ్వు డాన్సు పాట కట్టుకున్నావన్నమాట!"

"అది కాదు యులీ, ఇది తర్వాత రాసింది. మాటలు విను..."

ఆమె వింటే కదా! ఠక్కున పెట్టేసింది. అప్పట్నించీ డప్పు వినపడగానే రేడియో నోరు నొక్కేస్తోంది. ఇంటికెళితే పలకరించే మనిషి లేదు. టీవీతో దెబ్బలాడుతూ అన్నం తింటుంది.

"వాడి మీది కోపం పాట మీద చూపిస్తావేం?" అని దోన్యా టోమసీనా తనే లేచి సౌండ్ పెంచింది.

అంతలో కరెంటు పోయింది. డ్రయ్యర్లు ఆగాయి, డప్పూ ఆగింది. పార్లర్లోని ఆడవాళ్లు కరెంటు వాళ్లని నాలుగు తిట్టారు గానీ, పాట పాడటం మాత్రం ఆపలేదు. తాళం లేకపోయేసరికి అది దానంతటదే నెమ్మదించింది.

"అందరూ వచ్చారు, నేనే ఆలస్యం... వాకిట్లో నాకోసం ఉంచిన కుర్చీ ఖాళీ... సిగ్గుతో వీధి చివరే నిలబడ్డాను... తలుపు తియ్యి..."

యులైసి చేతిలోంచి దువ్వెన జారిపోయింది. ఆ చివరి ప్రార్థన రోజు వాకిట్లో వేసిన అద్దె కుర్చీల్లో ఒకదాంట్లో ఆమె ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అంటే అతను వచ్చాడు. వచ్చి, చూసి, లోపలికి రాలేక వెళ్లిపోయాడు.

"ఓసి దీని దుంపతెగ, ఇది ఏడుపు పాటా!" అంది దోన్యా టోమసీనా ముక్కు తుడుచుకుంటూ.

యులైసి వీధిలోకి వెళ్లి ఫోన్ చేసింది.

"ఎక్కడ చచ్చావ్?"

"పుంతా కానాలో, బీచ్ హోటల్లో. కింద నా పాటకి గెంతుతున్నారు. గదిలో నేనొక్కణ్ణే. మాటలు ఎవడూ వినట్లేదు యులీ."

"నేను విన్నా. లోపలికి రావాల్సింది, వెధవా."

"తెలుసు."

"ఆదివారం అమ్మ సమాధి దగ్గరికెళ్తున్నా. ప్రతిసారీ ఒక్కదాన్నే వెళ్లలేకపోతున్నా."

ఆదివారం స్టేడియంలో అతని ప్రోగ్రాం ఉందని ఊరంతా పోస్టర్లే. ఆమెకి తెలుసు. తెలిసే అడిగింది.

"మీ అమ్మకి ఏ పూలు ఇష్టం?" అన్నాడు డియోమెడెస్.