రామాంజి గుండెనొప్పి

యలహంక పాత ఊళ్ళో రామాంజి ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ రాదు. ఇడ్లీలో ఉప్పు తక్కువైందన్న సంగతి కూడా ఆఖరి వరుసకు వినిపించేలా చెబుతారు. ఏళ్ళ తరబడి నాటక కంపెనీ నడిపిన మనిషి ఆయన. భార్య సత్యభామ ఆ నాటకాల్లో కథానాయిక. స్టేజీ మీదే నడక నేర్చిన కూతురు అర్చన ఇప్పుడు సినిమా నటి.

ఆ ఉదయం అర్చన ఆత్మకథ ప్రూఫు కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి. సాయంత్రానికి అవి ప్రెస్సుకు వెళ్ళాలి.

"'వాదనలో ఓడిపోతానని తెలిస్తే చాలు, మా నాయన గుండె పట్టుకుని పడిపోయేవాడు.' ఎవర్ని గురించి రాసినావు ఇది?"

"నిన్ను గురించే నాయనా. కాలేజీలో చేరతానంటే పడినావు. సినిమా ఒప్పుకుంటే పడినావు. నా పెళ్ళిచూపుల్లో రెండుసార్లు పడినావు."

"ఒక్కసారే!"

"రెండోసారి నీళ్ళు చల్లింది నేనే," వంటింట్లోంచి అంది సత్యభామ.

"ఊరంతా నవ్వుతుంది. ఆ అధ్యాయం తీసేయ్."

"తీయను. నువ్వు పడినప్పుడల్లా నేను నిజంగా భయపడి ఏడ్చినాను. అది తీసేస్తే ఆ పుస్తకంలో నేనెక్కడ ఉండాను?"

రామాంజి కాగితాలు బల్ల మీద విసిరికొట్టాడు. ఏదో అనబోయాడు. చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది.

అర్చన చప్పట్లు కొట్టింది. "భలే! సరిగ్గా టైముకు!"

"సుమ్నే, గమ్మున వచ్చి ఇడ్లీ తినండి, చల్లారిపోతా ఉండాది," సత్యభామ తల కూడా తిప్పలేదు.

ఆయన గోడ పట్టుకుని, వాళ్ళకు వీపు పెట్టి, మెల్లగా కిందికి జారాడు.

అర్చన చేతులు ఆగిపోయాయి. నాయన చూసేవాళ్ళకు వీపు పెట్టడు. చచ్చే సీనులో కూడా ముఖం జనం వైపే ఉండాలని చిన్నప్పుడు తనను కొట్టి మరీ నేర్పాడు. ఇన్నేళ్ళూ ముఖం ఇటు తిప్పే పడ్డాడు.

ఇప్పుడు దాచుకుంటున్నాడు.

"అమ్మా! కారు తాళాలు!"

దారిలో ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంది. అర్చన హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. వెనక సీట్లో సత్యభామ ఒళ్ళో ఆయన తల. ఆమె ఆపకుండా పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. ఆయన పలకడం లేదు.

ఆసుపత్రిలో డాక్టర్ బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. "గండం గడిచింది. నొప్పి మొదలవగానే మీరేం చేశారు?"

అర్చన నోరు తెరిచింది. చప్పట్లు కొట్టానని చెప్పలేక ఏడ్చేసింది.

లోపల మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ అధ్యాయం తీసేస్తా నాయనా."

"వద్దు." గొంతు పక్క మంచానికి కూడా వినిపించేలా లేదు. "నేను పడినప్పుడల్లా నీ ఏడుపు నాకు వినపడేదమ్మా. అదీ నటనే అనుకుంటి. నా బిడ్డ ఎంత బాగా చేస్తా ఉండాదని, కళ్ళు మూసుకునే మురిసిపోతి."

అర్చన ఆయన అరచేతిలో ముఖం దాచుకుంది.