ఈరన్న ఎట్లా పడ్డాడు?

మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని డిటెక్టివ్ మహానంది అన్నాడు. కాలేదని ఆయన భార్య అంది. తీర్పు చెప్పమని గ్లాసు అసిస్టెంటు తిమ్మయ్య చేతికిచ్చారు. ఇద్దరికీ కోపం రాని జవాబు కోసం అతను వెతుకుతుండగా గిడ్డమ్మ గుమ్మంలోకి వచ్చి పడింది.

"సామీ, నా మొగుడు చిన్న ఈరన్న తాగి పడినాడంటాండారు. తుంటి ఇరిగింది. గుడిసె గూడా ఖాళీ చేయాలంట. ఆయప్ప నిన్న కల్లు ముట్టలే!"

ఈరన్న డోన్‌లో ఓబుల్ రెడ్డి దగ్గర హమాలీ. ఆయన ఇచ్చిన గుడిసెలోనే కాపురం. నిన్న మధ్యాహ్నం ట్రైలర్ మీద వేరుశనగ బస్తాలకు మోకు తాడు బిగిస్తూ పైనుంచి పడ్డాడు.

మహానంది, తిమ్మయ్య గిడ్డమ్మ వెంట వెళ్ళేసరికి బస్తాలతో ట్రైలర్, దాని ముందు ట్రాక్టరు ఎండలో నిలబడి ఉన్నాయి. వడగాలికి ఎవరూ ఒకచోట నిలవడం లేదు. ఓబుల్ రెడ్డి కండువాతో విసురుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ట్రాక్టరు తోలే అతని కొడుకు శేషారెడ్డి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"ఈరన్న పైనున్నప్పుడు బండి కదిలిందా?" అడిగాడు మహానంది.

"లేదు సార్," అన్నాడు శేషారెడ్డి. "పడినాక గూడా ఎవురూ ముట్టుకోలే, అపశకునమని. తాగినోడు చెప్పులేసుకుని ఎక్కినాడు, జారినాడు. అదో, ఒక చెప్పు ఆడనే పడింది."

"రెండోది యాడప్పా?" అన్నాడు మహానంది.

"కుక్క ఎత్తుకపోయుంటాది. దానిగ్గూడా డిటెక్టివు కావాల్నా?" అన్నాడు ఓబుల్ రెడ్డి.

మహానంది గిడ్డమ్మ వైపు తిరిగాడు. "ఈరన్న చెప్పులతో బస్తాలు ఎక్కుతాడా?"

"తిండిగింజల మీద చెప్పులతోనా? చెంపలేసుకోవాల సామీ! హమాలీలంతా చక్రం కాడ ఇడిచే ఎక్కుతారు."

మహానంది మోకాళ్ళ మీద వంగి ట్రైలర్ వెనక చక్రం కింద చూశాడు. తిమ్మయ్యనూ చూడమన్నాడు. తిమ్మయ్య చూసి, గురువు ముఖంలోకి మెరిసే కళ్ళతో చూశాడు.

భోజనాల వేళ ఓబుల్ రెడ్డి ఇంటిల్లిపాదీ, మహానందీ కూర్చున్నారు. ఓబుల్ రెడ్డి తల్లి కృష్ణవేణమ్మ సంగటి వడ్డిస్తోంది. గిడ్డమ్మ గడప దగ్గర నిలుచుంది.

"రెండో చెప్పు వెనక చక్రం కింద నలిగి ఉంది," అన్నాడు మహానంది. "పైనుంచి జారిన చెప్పు, అంత బరువుతో నిలిచిన చక్రం కిందికి దూరలేదు. ఈరన్న చెప్పులు విడిచి ఎక్కాడు. ఆ తర్వాత బండి కదిలి చెప్పు మీదికి ఎక్కింది. మోకు లాగుతున్న మనిషి ఆ కుదుపుకే పడ్డాడు. ఏం శేషారెడ్డీ?"

శేషారెడ్డి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఎండకు తట్టుకోలేక... నీడలోకి జరుపుదామనుకున్నా. కట్టేసి దిగినాడనుకున్నా. పిలిచి అడగలే."

"తాగినాడని చెప్పమనింది నేనే," అన్నాడు ఓబుల్ రెడ్డి తల వంచుకుని.

కృష్ణవేణమ్మ గిన్నె కింద పెట్టింది. "గిడ్డమ్మా, నీ గుడిసె యాడికీ పోదు. ఈపొద్దే ఈరన్నను కర్నూలు పెద్దాసుపత్రికి తోలుకపోతారు. ఒరే శేషా, వాడు లేచి నడిచేదాకా బస్తాల మీదికెక్కి మోకు నువ్వు బిగిస్తావు."

"అమ్మా, మన పిల్లోడు హమాలీ పనా?" అన్నాడు ఓబుల్ రెడ్డి.

"తిననీ వాన్ని. మాపటికి లోడుండాది."