మజ్జిగ చెంబు

శనివారం ఉదయం ఆటో కోసం గుమ్మంలో నిలబడ్డ మనవరాలి చేతిలో పలక పెట్టాడు నరసింహమూర్తి. సంయుక్త దాన్ని తిరిగి తాతయ్య చేతిలోనే పెట్టింది.

"నాకు నీళ్ళ పని ఉంది తాతయ్యా."

రిటైరైన హెడ్మాస్టరుకు ఆ మాట గుచ్చుకుంది. కోడలు బిందు శంషాబాద్‌లో వెతికి మరీ చేర్చిన బడి అది. అక్కడ ఏ పని చేయాలో పిల్లలే ఎంచుకుంటారు. నాలుగేళ్ళ సంయుక్త వారాల తరబడి ఒకటే ఎంచుకుంటోంది, చెంబుతో గిన్నెలోకి నీళ్ళు వంచడం.

"అక్షరం ముక్క రాదు. ఇవాళే పేరు తీయించేస్తాను."

"కొన్నాళ్ళు చూద్దాం మామయ్యగారూ."

"మీ అత్తయ్యే ఉంటే..." ఇంటి మీదుగా విమానం వెళ్ళింది. చప్పుడు తగ్గేదాకా ఇద్దరూ ఆగారు. ఆ తర్వాత ఆయన పలక తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆయన బడికి వెళ్ళేసరికి సంయుక్త పళ్ళ మధ్య నాలుక బిగబట్టి నీళ్ళు వంచుతోంది. కాస్త ఒలికింది. తనే గుడ్డ తెచ్చి తుడిచి, మళ్ళీ మొదలుపెట్టింది.

"రంగులిస్తే వద్దంటది, బొమ్మలిస్తే వద్దంటది. ఎందుకో మాకు గూడ తెల్వది సార్," అంది టీచరు శిరీష. "జర ఆగుండ్రి. మనసు నిండితే తనే లేస్తది."

"నాకు అంత ఓపిక లేదమ్మా. సోమవారం నుంచి రాదు."

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర బిందు వడ్డించింది. చారన్నం కాగానే, పళ్ళెంలో అన్నం మిగిలి ఉండగానే నరసింహమూర్తి లేవబోయాడు. భార్య రత్నమాల పోయినప్పటి నుంచీ ఆయన అలాగే లేస్తున్నాడు. మజ్జిగ పడటం లేదేమో అనుకుంది బిందు. రత్నమాల చేత్తో తప్ప ఆయన ఏనాడూ మజ్జిగ పోయించుకోలేదని ఎవరూ గమనించలేదు.

"లేవకు తాతయ్యా."

సంయుక్త వంటింట్లోంచి రెండు చేతులతో మజ్జిగ చెంబు పట్టుకుని వస్తోంది. అందుకోబోయిన బిందు చెయ్యి వెనక్కి తీసుకుంది. సన్నటి ధార అన్నం మీద పడింది. నేల మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

"నానమ్మ పోసినట్టే వచ్చింది," అంది ఊపిరి వదులుతూ. "ఇంక రోజూ నేనే పోస్తా."

ఆయన చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"బిందూ, ఆటో అతన్ని సోమవారం రమ్మను."

"అలాగే మామయ్యగారూ." ఆమె ఉప్పు గిన్నె దగ్గరికి జరిపింది.

"మరి సోమవారం ఏ పని చేస్తావమ్మా?" అని మనవరాలిని అడిగాడు.

"వెళ్ళాక చూసుకుంటా," అంది సంయుక్త. చెంబు మళ్ళీ ఎత్తింది. "ఇంకాస్త పోయనా?"

రత్నమాల అలా అడిగిన ప్రతిసారీ చాలనేవాడు. ఈసారి పళ్ళెం కాస్త ముందుకు జరిపాడు.

"పొయ్యమ్మా."