బూడిద పట్టిన చిక్కుడు పందిరి

"నీ బూడిదే పందిరిని కరాబు చేసిందవ్వా. జర చేతులు ఊకుంటే ఏం పోతుండె?"

కొడుకు శ్రవణ్ మాటకు అంజవ్వ చేతిలోని చాట వాకిట్లో జారిపోయింది. పేనుబంక పోవాలని చిక్కుడాకుల మీద పొయ్యి బూడిద చల్లడమే ఆమెకు తెలిసిన వైద్యం. కోడలు యమునకు పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన పావెకరంలో అత్తాకోడళ్లిద్దరూ పెంచిన పందిరి అది... ఇప్పుడు ఆకులు తెల్లబడి ముడుచుకుంటున్నాయి. పూత రాలిపోతోంది.

"ఎట్లయినా పోయేదే. మా అన్నకు పసుపు ఉడకబెట్టి ఆరబోసేటందుకు జాగ లేదు. పందిరి పీకేసి ఆయనకిద్దాం, యమునా."

అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. అది చూడలేక యమున ఒక ఆకును తడిగుడ్డతో తుడిచి, గుర్తుగా దారం కట్టింది. వారం తిరగకుండానే దాని మీద మళ్లీ తెల్లని పొడి! ఎవరూ చల్లింది లేదు. చల్లిన బూడిద తనంతట తాను పెరగదు కదా...

ఆకు కొంగున కట్టుకుని ఆర్మూర్ బస్సెక్కింది.

"బూడిద తెగులమ్మా," అంది వ్యవసాయాధికారి స్నేహలత. "బాగా పట్టిన ఆకులు తెంపి కాల్చెయ్యి. నీళ్లల్ల కరిగే గంధకం ఎండ తగ్గినంక కొట్టు, ఆకు అడుగు కూడా తడవాలె." ఊరూ, భర్త పేరూ అడిగి ఆగిపోయింది. "శ్రవణ్ పూతకు ముందే తెచ్చి చూపించిండు గద? గిదే చెప్పిన."

యమునకు అప్పుడర్థమైంది. పందిరి చస్తే జాగ తన అన్నకు దక్కుతుందని శ్రవణ్ మాట దాచాడు. పైగా కన్నతల్లి మీద నింద వేశాడు... అడిగి ఉంటే, తాను ఏడ్చుకుంటూనైనా ఇచ్చేది కదా!

ఆమె తిరిగొచ్చేసరికి అంజవ్వ పందిరి కింద కూర్చుని ఆకులను కొంగుతో తుడుస్తోంది. శ్రవణ్ కొడవలితో గట్టున నిలబడి ఉన్నాడు. యమున మందూ, అద్దెకు తెచ్చిన పిచికారీ పంపూ కింద దించింది.

"నీ బూడిదతోని కాదత్తమ్మా. తెగులట. మందు కొడితే బతుకుతది."

అంజవ్వ కళ్లు తుడుచుకుంది. "గట్లనా... నా కొడుక్కు గిది ఎర్కనే లేదా, బిడ్డా?"

యమున భర్త వైపు చూసింది. అతని చూపు నేల మీదే ఉంది. ఈ తల్లికైనా కొడుకు మిగలాలి...

"ఎర్కలేదత్తమ్మా."

శ్రవణ్ దగ్గరకొచ్చి పంపు అందుకోబోయాడు. "నాకియ్యి. బరువుంటది."

"ఉండనీ," అని యమున తానే దాన్ని వీపుకెత్తుకుంది.